ఇరవై మూడు దగ్గర ఆగిన కారు

కారు ఆగిన చోట నీడ లేదు.

ముందు వేగం తగ్గింది. దేవేంద్ర యాక్సిలరేటరు తొక్కిపట్టే ఉన్నాడు. బండి మాత్రం పొద్దంతా దున్నిన ఎద్దులాగా మెత్తబడిపోతూ వచ్చింది. స్టీరింగు వెనక, బండికి శక్తి చాలడం లేదని చెప్పే తాబేలు బొమ్మ ఒకటి వెలిగింది. దాని వెంటే ఎర్ర దీపం. రోడ్డు వారకు తిప్పుకునేంత ఊపు మాత్రం మిగిలింది. కంకర మీదికి దించి నిలబెట్టేసరికి ఏసీ గాలి కూడా ఆగిపోయింది.

బ్యాటరీ మీటరు మాత్రం ఇరవై మూడు శాతం అని చూపిస్తూనే ఉంది.

"ఏమప్పా, ఆపినావు?" అన్నాడు పక్క సీట్లో ఉన్న శ్రీరంగప్ప.

"నేనాపలేదన్నా. అదే ఆగింది."

"అయిపోయిందేమో చూడు."

"ఏం అయిపోయేది? ఇంకా ఇరవై మూడు ఉండాది. పెనుకొండకు పోయి మళ్లా తిరిగి రావచ్చు దీంతో."

"ఉంటే పోవాల కదప్పా!"

దేవేంద్ర స్విచ్చు మీద వేలు పెట్టాడు. ఆపి మళ్లీ ఆన్ చేశాడు. దిగి, తలుపు వేసి, మళ్లీ ఎక్కి ఆన్ చేశాడు. తాబేలు వెలిగింది, ఆరిపోయింది. బానెట్ ఎత్తి చూశాడు. అందులో చూడడానికి ఏమీ ఉండదని తెలిసీ చూశాడు. డీజిలు బండయితే కనీసం ఏదో ఒక పైపు పట్టుకుని లాగడానికైనా ఉండేది.

వెనక సీట్లో హనుమంతమ్మ అద్దానికి తల ఆనించి నోటితో గాలి పీలుస్తోంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు సోమవారం బరువైన రోజు. ఆదివారం సెంటరు ఉండదు. ఒంట్లోంచి పోవాల్సిన నీళ్లన్నీ ఆ అదనపు రోజు లోపలే నిలిచిపోతాయి. ఆమె పాదాలు ఉబ్బి, కాలిమెట్టెలు వేళ్లలోకి దిగబడి ఉన్నాయి.

"అవ్వా, కిందికి దిగుతావా? లోపల ఉడుకు."

"దిగితే ఎక్కలేను నాయనా," అందామె. తర్వాత, కళ్లు తెరవకుండానే, "మన తడవ వేరేవాళ్లకు ఇచ్చేస్తారేమో" అంది.

అదే భయం దేవేంద్రకు కూడా. పెనుకొండ సెంటరులో మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. టైముకు పోకపోతే తర్వాతివాళ్లను ఎక్కిస్తారు, ఎక్కించాలి కూడా. మడకశిర నుంచి వచ్చే దారి అటూ ఇటూ ఖాళీగా ఉంది. గుండ్ల మధ్య ఎండిపోయిన వేరుశనగ చేన్లు, దూరంగా గుట్ట మీద తిరగడం మానేసిన గాలిమరలు. ఒక బైకు ఆగకుండా పోయింది. ఒక బస్సు, నిండుగా ఉంది కాబట్టి, అదీ ఆగలేదు. చివరికి ఆగింది గొర్రెలను తోలుకుపోతున్న ట్రాలీ.

ముందు సీట్లో ఒక్క మనిషికే చోటు. హనుమంతమ్మను ఎత్తి అక్కడ కూర్చోబెట్టారు. శ్రీరంగప్ప, దేవేంద్ర వెనక గొర్రెల మధ్య నిలబడ్డారు. అతనూ డయాలసిస్ మనిషే; సూదులు గుచ్చే ఎడమచేతికి దెబ్బ తగలకూడదని శ్రీరంగప్ప ఆ చేతిని తల మీద పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా దేవేంద్ర ఆయన నడుము పట్టుకున్నాడు.

"కరెంటు కారెక్కిచ్చి గొర్రెల బండిలో దింపుతాండావు కదప్పా. మన మొగాలు చూసి వాటికే నవ్వొస్తాండాది," అన్నాడు శ్రీరంగప్ప. కానీ ఆయన నవ్వలేదు.

సెంటరు మెట్లెక్కుతుండగా హనుమంతమ్మ కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టారు, వేరే పేషెంటు దిగేదాకా ఆగి మిషను ఎక్కించారు, ఆ తర్వాత ఇంటికి పంపకుండా వార్డులో ఉంచారు. మధ్యాహ్నానికి ఆమె కొడుకు శ్రీనివాసులు బైకు మీద వచ్చాడు. తల్లిని చూసి బయటికి వచ్చి, వరండాలో గొర్రె వాసనతో నిలబడి ఉన్న దేవేంద్ర ముందు ఆగాడు.

"మీ ఓనరు లక్ష్మీపతన్నకు ఫోన్ చేసినా. ఆయన ఫోన్లో కారు సంగతంతా కనపడుతుందంట. ఇరవై మూడు ఉండాదంట బ్యాటరీ. ఇరవై మూడుంటే కారెట్ల నిలబడుతుందో చెప్పప్పా నువ్వు."

"నాకూ అదే తెలీడం ల్యా సీనా."

"తెలీకేం! పోయిన వారం టీ అంగడి కాడ సీటు వాల్చుకోని నిద్రపోతాంటే మన ఊరోళ్లు చూడలేదా?"

"అది చార్జి పెట్టుకోని..."

"ఎప్పుడు చూసినా యాడో ఒకచోట చార్జే నీకు! ఇంత చార్జి పెడితే ఇది ఆగకూడదు కదా? నిద్రొచ్చింది, ఆపినావు. మా అమ్మకు ఆయాసమొచ్చేసరికి భయపడి కథ చెప్తాండావు."

వరండాలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. శ్రీరంగప్ప లోపల మిషను మీద ఉన్నాడు. దేవేంద్ర వార్డు తలుపు వైపు చూశాడు.

*

కారును లారీ మీదికి ఎక్కించి అనంతపురం తీసుకుపోయారు. బుధవారం పొద్దున దాన్ని తెచ్చుకోవడానికి దేవేంద్ర, లక్ష్మీపతి బస్సులో పోయారు. లక్ష్మీపతికి సోమందేపల్లెలో హైవే పక్కన షెడ్డు ఉంది. కరెంటు కార్లు రెండు. ఒకటి బాడుగలకు మారుతి తోలుతాడు. రెండోది, దేవేంద్ర తోలేది, ఒక ట్రస్టు తరఫున డయాలసిస్ వాళ్ల కోసం పెట్టింది. దారంతా లక్ష్మీపతి కిటికీలోంచి బయటికే చూశాడు. ఒక్కసారి మాత్రం "ట్రస్టోళ్లు నిన్నట్నుంచి ఫోన్ మీద ఫోన్. ఏం జరిగిందో చెప్పమంటాండారు. ఏం చెప్పల్ల నేను?" అన్నాడు. అది ప్రశ్నలా లేదు.

వర్క్‌షాపు బుక్కరాయసముద్రం దారిలో ఉంది. కారు చూసిన అమ్మాయి పేరు పద్మజ. నీలం చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది.

"ఏం లోపం లేదు సార్. మోటారు బాగుంది, వైర్లు బాగున్నాయి. నిన్న సాయంత్రం పెట్టి నిండా చార్జి చేసినాం. అన్నీ సరిగ్గానే చూపిస్తోంది."

"ఏం లేదా?"

"ఏం లేదు."

లక్ష్మీపతి దేవేంద్ర ముఖంలోకి ఒకసారి చూసి, సంతకాల కోసం లోపలికి పోయాడు. పద్మజ వైరు చుట్టుకుంటోంది. దేవేంద్ర కదలలేదు.

"మేడమ్, అది నిజంగానే ఆగింది."

ఆమె చుట్టడం ఆపింది. "మీరు చార్జి ఎట్లా పెడతారన్నా?"

మూడు రోజుల్లో మొదటిసారి దేవేంద్ర ముఖం కాస్త తేటపడింది. ఆ విషయంలో అతను ఏ లోటూ చేయలేదు. "దాన్ని ఎప్పుడూ ఆకలితో ఉంచలేదు మేడమ్. టీ అంగడి కాడ టీ తాగేంతసేపు పెడతా. సెంటరు కాడ పెడతా. పిండిమర కాడ, స్కూలు కాడ, ప్లగ్గు యాడ కనపడితే ఆడ అడిగి పెడతా. సగం కన్నా కిందికి దిగనీను. ఆ పొద్దే, ముందురోజంతా కరెంటు లేక నలభైతో బయలుదేరాల్సొచ్చింది."

"ఎప్పుడన్నా నూరు దాకా నింపి, అదే ఆపేదాకా వదిలినారా?"

"నిండా ఎందుకు మేడమ్? మా పక్క కరెంటు అంతసేపు నిలబడదు. నిలబడినా ఒక్క బండికే వాడితే ఇంట్లో మోటారు ఆడదు. దొరికినప్పుడు దొరికినంత పట్టుకోవాల."

"కారు తెచ్చినప్పట్నుంచీ ఒక్కసారి కూడా?"

"లేదు."

పద్మజ తల ఎత్తి వర్క్‌షాపు మిద్దె మీది నల్ల నీళ్ల ట్యాంకు చూపించింది. "దాంట్లో ఎన్ని నీళ్లున్నాయో చెప్పండి."

"కింద నుంచి ఎట్ల తెలుస్తాది?"

"కారుకూ తెలీదన్నా. ఈ రకం బ్యాటరీలో లోపల ఎంత ఉందో బయటికి సరిగ్గా కనపడదు. పోసిన బిందెలెన్ని, తోడిన బిందెలెన్ని అని లెక్క పెట్టుకుంటా పోతాది. బిందెకు చెంచాడు తప్పు పోయినా, అట్లా నెలల తరబడి పోతే ఏమవుతాది? ట్యాంకు పొర్లినప్పుడే దానికి ఖాయంగా తెలిసేది, నిండిందని. అప్పుడు పాత లెక్క కొట్టేసి కొత్తగా మొదలుపెడతాది. మీరు పొర్లనీలేదు."

"మా ఊర్లో ట్యాంకు పొర్లేది నేనెప్పుడూ చూళ్లేదు మేడమ్."

ఆమె నవ్వింది. అతను నవ్వడం లేదని చూసి ఆపేసింది.

"అయితే ఆ పొద్దు ఇరవై మూడు అనింది..."

"ఉత్తిదే అయ్యుండాల. అడుగంటిపోయి ఉంటాది, దానికే తెలిసుండదు."

"మా లక్ష్మీపతన్నతో ఒక మాట చెప్పండి మేడమ్. కాగితం మీద రాసిస్తే ఇంకా మేలు."

పద్మజ చేతిలోని వైరు వైపు చూసింది. "ఇప్పుడు చూపించడానికేం లేదన్నా. నిన్న నిండా పెట్టినాం కదా, లెక్క సరిపోయింది. పాత తప్పు చెరిగిపోయింది. నేను చూడని తప్పు ఉందని ఎట్లా రాసిచ్చేది? అయ్యుండొచ్చు అంటా. అంతే అనగలను." గొంతు తగ్గించి, "వారానికి ఒకసారి మాత్రం నింపండి. లేకపోతే కొన్ని నెలలకు మళ్లా అంతే" అంది.

"ఏమప్పా, పోదామా?" గేటు దగ్గర్నుంచి లక్ష్మీపతి కేక.

*

కారు ఊరు దాటగానే దేవేంద్ర చెప్పడం మొదలుపెట్టాడు. ట్యాంకు సంగతి, బిందెల సంగతి, పొర్లడం సంగతి. ఆ అమ్మాయి చెప్పినప్పుడు నీళ్లంత తేటగా ఉన్న మాట అతని నోట్లో బురదయిపోయింది. లక్ష్మీపతి అంతా విన్నాడు.

"అంటే కారుది తప్పు కాదు, నీది తప్పు కాదు, మీటరుది తప్పు."

"అట్లే అనుకోన్నా."

"ఆ మీటరు ఈ పొద్దు బాగుండాది."

"నిండా పెట్టినారు కాబట్టి..."

"సరేప్పా. ఆ యమ్మ చెప్పింది నిజమే అనుకుందాం. నిండా పెట్టంది ఎవురు? నువ్వే గదా. అబద్ధం చెప్పినావంటే ఒక తప్పు, నిజం చెప్పినావంటే ఇంకో తప్పు. ఏది కావాల్నో నువ్వే ఎంచుకో." లక్ష్మీపతి గొంతులో కోపం లేదు. నిద్రలేని మనిషి గొంతు అది. "నిండా పెడితే బ్యాటరీ పాడైపోతాదని మా అల్లుడు చెప్తాడు, వాడు ఇంజనీరు. నువ్వేమో నిండా పెట్టకపోతే పాడంటావు. ఒక పని చేద్దాం. ఈ పొద్దు నాకు హిందూపురంలో పనుంది, మడకశిరలో పనుంది. యాడా చార్జి పెట్టొద్దు. తోల్తా పో. ఇరవై మూడు కాడ ఆగితే నీ మాట నిజం."

ఆగదని దేవేంద్రకు తెలుసు. ఆ అమ్మాయి చెప్పిందే నిజమైతే ఆగనే ఆగదు. ఆ మాట చెబితే ఇంకో కథ అల్లుతున్నాడనుకుంటాడని ఊరుకుని తోలాడు. హిందూపురంలో లక్ష్మీపతి ఒక షోరూములోకి పోయివచ్చాడు. మడకశిరలో ఎవరితోనో కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు. ఇద్దరూ ఒకే హోటల్లో వేరు వేరు బల్లల దగ్గర అన్నం తిన్నారు. మీటరు దిగుతూ వచ్చింది, కిలోమీటరుకు కిలోమీటరు, తూకం వేసినట్టు.

మడకశిర దాటి పెనుకొండ రోడ్డెక్కాక లక్ష్మీపతి సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాడు. సోమవారం ఆగిన కంకర చోటు వచ్చింది, పోయింది. మీటరు ఇరవై ఆరు. గొర్రెల ట్రాలీ చక్రాల గుర్తులు ఇంకా మట్టిలో ఉన్నట్టనిపించింది దేవేంద్రకు. ఇరవై నాలుగు. అతని కాలు ఎప్పటికన్నా గట్టిగా తొక్కింది.

ఆగు, అనుకున్నాడు. ఒక్కసారి ఆగు.

ఇరవై మూడు. లక్ష్మీపతి మీటరు మీదికి వంగాడు. ఎదురుగా మిట్ట. కారు మిట్టెక్కింది. దిగింది. ఎక్కడా మెత్తబడలేదు. ఇరవై రెండు. ఇరవై. పదిహేడు. నున్నగా, చప్పుడు లేకుండా, కొత్తదానిలాగా పోతోంది. దేవేంద్ర ఒళ్లంతా కళ్లు చేసుకుని ఆ తాబేలు కోసం చూశాడు. అది రాలేదు. హైవే ఎక్కాక లక్ష్మీపతి వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. చూడాల్సింది అయిపోయిందన్నట్టు.

షెడ్డులోకి పోయేసరికి పన్నెండు.

"తాళం ఇయ్యప్పా."

దేవేంద్ర ఇచ్చాడు. డాష్‌బోర్డు మీది పసుపుగుడ్డ, నీళ్ల సీసా, హనుమంతమ్మ కోసం వెనక సీట్లో పెట్టిన చిన్న దిండు తీసుకున్నాడు. దిండు మళ్లీ అక్కడే పెట్టాడు.

"మనసులో పెట్టుకోవద్దు. ఎవుర్నో ఒకర్ని తీసేసినానని చూపించకపోతే ట్రస్టోళ్లు ఊరుకోరు. నీ బదులు మారుతిని పెడతాండా ఈ బండికి. ఆ బాడుగ కారు నేనే తోలుకుంటాలే," అన్నాడు లక్ష్మీపతి. తర్వాత, పోతున్నవాడిని పిలిచి, "నిద్రొస్తే నిద్రొచ్చిందని చెప్పుంటే సరిపోయుండునప్పా. నేను డ్రైవరు పనే చేసినోణ్ని, నాకు తెలీదా?" అన్నాడు.

అన్నిటికన్నా ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

*

హనుమంతమ్మను గురువారం ఇంటికి తెచ్చారు. సాయంత్రం దేవేంద్ర చూడడానికి పోయాడు. రెండు వీధుల అవతలే ఇల్లు. శ్రీనివాసులు గడప మీద కూర్చుని కొడవలికి పదును పెడుతున్నాడు. లేవలేదు. కాళ్లు ముడుచుకోలేదు.

"ఎవరప్పా వచ్చింది?" లోపల్నుంచి హనుమంతమ్మ గొంతు.

"ఎవురూ లేదులేమ్మా," అన్నాడు శ్రీనివాసులు, దేవేంద్ర కళ్లలోకి చూస్తూ.

దేవేంద్ర వెనుదిరిగి వచ్చేశాడు.

శుక్రవారం వీధి కొళాయికి నీళ్లొచ్చాయి. అతని భార్య చౌడేశ్వరి విత్తనం కోసం వేరుశనగ కాయలు వలుస్తున్నదల్లా చేట పక్కన పెట్టి లేచింది. దేవేంద్ర కూడా బిందెలు అందుకున్నాడు. పని లేని మగవాడు నీళ్ల దగ్గరికి వస్తే ఆడవాళ్లు కాస్త పక్కకు జరుగుతారు, అలాగే జరిగారు. బిందె మెడ దాకా నిండగానే చౌడేశ్వరి చేయి అడ్డం పెట్టి ఇంకో బిందె తోసింది. ఎవరూ బిందెను అంచు దాకా నిండనీయరు. నిండితే ఒలుకుతుంది, ఒలికితే పక్కామె నోరు ఊరుకోదు. అతను కూడా పుట్టినప్పట్నుంచి అట్లాగే పట్టాడు.

ఇంటి ముందు బిందెలు దించుతుండగా శ్రీరంగప్ప వచ్చాడు. డయాలసిస్ నుంచి తిరిగివచ్చిన మనిషి, పిండేసిన గుడ్డలాగా ఉన్నాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమన్నా, మారుతి బాగా తోలుతాండాడా?"

"తోలుతాండాడు. పాటలు పెడతాడు, అదొక్కటే బాధ. నీ మాదిరే చార్జి పెడతాండాడప్పా. టీ అంగడి కాడ కాసేపు, పిండిమర కాడ కాసేపు. ఎవురు నేర్పినార్రా అంటే దేవేంద్రన్నే నేర్పినాడు, వదిలిపెట్టొద్దు యాడ దొరికితే ఆడ అని, అన్నాడు."

దేవేంద్ర చేతిలోని బిందె అట్లాగే ఉండిపోయింది.

"నిండా పెడతాడా? నూరు దాకా?"

"నాకేం తెలుసప్పా. లక్ష్మీపతేమో నిండా పెట్టొద్దంటాడంట."

శ్రీరంగప్ప పోయాక చౌడేశ్వరి మళ్లీ చేట ముందు కూర్చుంది. వర్క్‌షాపు అమ్మాయి చెప్పిందంతా ఆమెకు తెలుసు. నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. కాయ వేళ్ల మధ్య చిట్లిన చప్పుడు అవుతోంది.

"అయితే మళ్లా ఆగుతుంది," అంది.

"ఇప్పుడే కాదు. ఒక నాలుగైదు నెలలు పట్టొచ్చు."

"ఆగనీ."

అతను బిందె మీది మూత సర్దాడు.

"ఆగనీ అంటాండా. అప్పుడు తెలుస్తాది నిద్రపోయిందెవురో, అబద్ధాలకోరెవురో. ఆ సీనా మన గడపలోకి వచ్చి నిలబడాల. నువ్వేమన్నా ఆపుతాండావా దాన్ని? నీకేం పాపం?" ఆమె తల ఎత్తలేదు. "ఇందాక కొళాయి కాడ నా పక్కన నిలబడినామె అడిగింది, మీ ఆయనకు ఆ నిద్ర జబ్బు ఎప్పట్నుంచి అని."

ఆమె అన్న దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అతను ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. మారుతి తన దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే టీ తాగినంతసేపు, పిండి ఆడినంతసేపు చార్జి పెడుతూ పోతాడు. మీటరు నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా దారి తప్పుతుంది. ఒక పొద్దు రోడ్డు పక్కన తాబేలు వెలుగుతుంది. లక్ష్మీపతి ఫోన్లో ఇంకా ఎంతో కొంత మిగిలి ఉన్నట్టే కనపడుతుంది. అప్పుడు అందరికీ దేవేంద్ర గుర్తొస్తాడు.

ఆ కంకర చోటు గుర్తొచ్చింది. ఆగు, ఒక్కసారి ఆగు, అనుకున్నాడు ఆ పొద్దు. వెనక సీటు అప్పుడు ఖాళీగా ఉంది.

చేట పక్కన కూర్చుని అతను కూడా వలవడం మొదలుపెట్టాడు. పప్పులు వేరుగా, పొట్టు వేరుగా. చీకటి పడేదాకా వలిచాడు.

*

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సోమందేపల్లె షెడ్డుకు పోయాడు. మారుతి ప్యాంటు మోకాళ్ల దాకా ఎగగట్టి, సగం బకెట్ నీళ్లతో కారు తుడుస్తున్నాడు. ముప్పై దాటినవాడు, ముందు లారీలు తోలినవాడు. దేవేంద్రను చూడగానే సిగ్గుపడినట్టు గుడ్డను నీళ్లలో ముంచాడు.

"అన్నా. నేను అడగలేదన్నా ఈ బండి. ఆయనే ఇచ్చినాడు."

"తెలుసులేప్పా. ఎంత ఉండాది?"

"అరవై ఎనిమిది."

"ప్లగ్గు పెట్టు. ఈ పొద్దు బాడుగల్లేవు కదా. సాయంత్రం దాకా అట్లే వదిలిపెట్టు."

మారుతి పెట్టాడు. పెట్టాక అడిగాడు, ఎందుకని. దేవేంద్ర చెప్పాడు. ఈసారి లక్ష్మీపతికి చెప్పినట్టు కాకుండా, తొట్టి చూపించి, బకెట్ చూపించి, మెల్లగా చెప్పాడు. చార్జి పెట్టే పద్ధతి తను నేర్పిందే కాబట్టి, తప్పు కూడా తనే చెప్పాలన్నట్టు చెప్పాడు. మారుతి గుడ్డ పిండడం ఆపి విన్నాడు.

"అంటే ఆ పొద్దు నిజంగానే ఆగింది."

"ఆగింది."

"నేనూ నమ్మలేదన్నా," అన్నాడు మారుతి. కాసేపు బానెట్ తుడిచిన చోటే తుడిచాడు. "ఒక మాట అడగనా? ఇది నా చేతిలో ఇంకోసారి ఆగితే నీ మాట నిజమని ఊరంతా ఒప్పుకుంటాది. అడ్డమెందుకు పడతాండావు?"

"అది మన చెప్పుచేతల్లో ఉండేది కాదప్పా. బుధవారం ఆగమంటే ఆగదు. సోమవారమే ఆగుతాది." దేవేంద్ర వంగి వెనక చక్రం చూశాడు. "ఈ పక్క మట్టి పోలేదు చూడు. గుడ్డ ఇట్లియ్యి."

మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. మారుతి అన్నానికి పోయి వచ్చాడు. దేవేంద్రకు కూడా ఆకులో చుట్టి చిత్రాన్నం తెచ్చాడు. ఎండ షెడ్డు రేకుల మీద కాగి, కాగి, పడమటికి జారింది. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. మీటరు తొంభై దాటింది. తొంభై ఎనిమిది. నూరు.

మారుతి ప్లగ్గు మీద చేయి వేశాడు.

"ఉండప్పా. అది నూరు అంటాది. అదే ఆపల్ల. ఆ దీపం మిణుకుతాంది చూడు, అది ఆరేదాకా ముట్టుకోవద్దు."

"ఎంతసేపు?"

"ఏమో. నేనూ ఎప్పుడూ చూళ్లేదు."

ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చుని ఆ దీపాన్ని చూస్తుండగా స్కూటరు చప్పుడైంది. లక్ష్మీపతి. దేవేంద్రను చూడగానే హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయాడు.

"ఏమప్పా, ఈడేం పని నీకు?"

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. "మారుతితో మాట్లాడదామని వచ్చినా అన్నా."

లక్ష్మీపతి చూపు వైరు వెంట కారు దాకా పోయింది. తలుపు తీసి మీటరు చూశాడు. "నూరా? నిండా పెట్టొద్దని చెప్పలేదా నేను?" దేవేంద్ర వైపు తిరిగాడు. "మళ్లా ఏం చేసినావప్పా దీన్ని?" చేయి అప్పుడే ప్లగ్గు దాకా పోయింది.

మారుతి నోరు తెరిచాడు. లక్ష్మీపతి భుజం వెనక నుంచి దేవేంద్ర తల అడ్డంగా ఊపాడు. తన పేరు వినపడితే ఆ ప్లగ్గు ఊడుతుంది. ఈ పొద్దే కాదు, ఇంకే ఆదివారమూ పెట్టరు.

మారుతి లేచి నిలబడ్డాడు. "నేనే పెట్టినా అన్నా. కారుతో పాటు పుస్తకం ఇస్తారు కదా? దాంట్లో ఉండాది. వారానికొకసారి నిండా పెట్టి, అదే ఆపేదాకా వదలాలంట."

"పుస్తకంలోనా?"

"అవునన్నా."

లక్ష్మీపతి చేయి ఆగింది. కారు వైపు చూశాడు, దీపం వైపు చూశాడు. ప్లగ్గు వదిలేసి హెల్మెట్ తీశాడు.

"పుస్తకంలో ఉంటే పెట్టు మరి. ప్రతి ఆదివారం పెట్టు. మర్చిపోవద్దు."

"సరేన్నా," అన్నాడు మారుతి, నేల చూస్తూ.

దేవేంద్ర తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. పోతానని చెప్పాడు. ఎవరూ వద్దనలేదు. అతను గేటు దాటుతుంటే లక్ష్మీపతి మారుతితో అంటున్న మాట వెనక నుంచి వినపడింది. అతనికి వినపడాలనే గట్టిగా అన్నాడు.

"చూసినావా? బండి తోలేవాడంటే ఇట్లుండల్ల. పుస్తకం చదివి తోలల్ల."

దేవేంద్ర ఆగలేదు. రోడ్డు మీద మడకశిర బస్సు కనపడింది. చేయి ఎత్తాడు. రేపు సోమవారం.